మునసబు పితూరీ

మీ చేతిలో గునపం ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేస్తున్నారు. కొండవాలును అడ్డంగా చెక్కాలి, రాయి కొట్టాలి, తట్టకెత్తి లోయలో పోయాలి. చీకటి ఉండగానే రెండు కొండలు దిగి వచ్చారు మీరు. రానంటే కుదరదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పంపిన మనిషి ఊళ్లోకొచ్చి పేర్లు రాసుకుపోయాడు. పేరు పడ్డాక వెళ్లవలసిందే. సాయంత్రం అరచేతిలో పడ్డ అణాలు చూసుకుంటే, రావలసిన కూలిలో సగం కూడా లేదు. ఇదేమిటని అడిగినవాడికి జవాబు దెబ్బలతో వస్తుంది.

ఇంటి దగ్గర పోడు చేనులో సామలు కలుపులో మునిగిపోతున్నాయి. ఆ పోడు కూడా ఇప్పుడు దొంగచాటుదే. 1882లో అడవి చట్టం వచ్చింది. అప్పటి నుంచి తాతలు కొట్టుకున్న కొండ మీద మీరు చెట్టు నరికితే అది నేరం. గార్డు చూసీ చూడనట్టు పోవాలంటే కోడి ఇవ్వాలి, గింజలు ఇవ్వాలి. జీలుగు చెట్టుకు కుండ కట్టినా ఎవరికో ఒకరికి లెక్క చెప్పాలి.

అంబలి తాగే వేళకు పక్కనున్నవాళ్లు గొంతు తగ్గించి బట్టిపనుకుల మాట ఎత్తుతారు. అక్కడ మునసబుగా ఉన్న గాం గంటం దొరకు ఆ మునసబీ పోయింది. భూమి తగాదా కూడా ఉంది. రెండింటి వెనకా బాస్టియనే. మైదానంలో ఉండేవాళ్లకు ఇది చిన్న నౌకరీ ఊడిన కబురులా వినపడుతుంది. కొండ మీద అలా కాదు. మునసబు గడప దగ్గరే ఊరి తగువులు తెగుతాయి, శిస్తు లెక్క తేలుతుంది, సర్కారు మనిషి వస్తే ముందు అక్కడే ఆగుతాడు. ఆ గడప పరువు తీశారంటే ఇంటిల్లిపాదినీ వీధిలో నిలబెట్టినట్టే. గంటం దొరకు ఒక తమ్ముడున్నాడు, మల్లు దొర. అన్న మింగలేని అవమానాన్ని తమ్ముడు అసలు నోటపెట్టుకోడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ కోపాలన్నీ కలిసి 1922లో పితూరీగా, అంటే తిరుగుబాటుగా లేచాయి. దాన్ని మనం అల్లూరి సీతారామరాజు పేరుతోనే చదువుకున్నాం, సినిమాల్లో చూశాం. అందులో తప్పు లేదు. మైదానం నుంచి వచ్చి, 1917 నుంచి కృష్ణదేవిపేట చుట్టుపక్కల తిరిగి, మందులిచ్చి, తాగుడు మాన్పించి, కోర్టుకు పోకుండా పంచాయతీల్లో తగువులు తీర్పించి, ఈ కొండల మీద ఒక్క మాటకు వందల మందిని కదిలించగల మనిషి అయ్యాడు ఆయన. కానీ ఆయన రాకముందే ఇక్కడ తగువు ఉంది. ముసలివాళ్లను కదిపితే 1879 నాటి రంప పితూరీ కథ చెబుతారు. 1922 పితూరీ కథల్లో ముందు వరుస రాజుది, వెనక వరుస గాం సోదరులది. కొండ మీద నిలబడి చూస్తే ఆ వరుస తిరగబడుతుంది. రాజు వీళ్ల యుద్ధాన్ని భుజాన వేసుకున్నాడు, అంతే.

1922 ఆగస్టు 22. శ్రావణ అమావాస్య. మీరు గునపం పారేసి వచ్చేశారు. చింతపల్లి దారిలో మీ ముందూ వెనకా మూడు వందల మంది. విల్లమ్ములు, కత్తులు, గొడ్డళ్లు, అక్కడక్కడా నాటు తుపాకి. శ్రావణం ఆఖరు, నేలంతా చిత్తడి. కాలి బొటనవేలు నేలలో గుచ్చి నడవడం అలవాటున్న కాళ్లు ఇవి, జారవు. ఎవరూ మాట్లాడరు. గంటం దొర, మల్లు దొర, గోకిరి ఎర్రేసు ముందున్నారు. వాళ్ల నడుమ, భుజాల మీదికి జుట్టు దిగిన రాజు.

పోలీసు స్టేషను మీరు అనుకున్నంత పెద్దది కాదు. ఇన్నాళ్లూ దాని ముందు నుంచి తల వంచుకుని పోయారు గనక సరిగ్గా చూడలేదు. లోపల కాళ్ల చప్పుడు, ఎవరో అరిచిన అరుపు, అంతలోనే అంతా చేతికి చిక్కింది. కానిస్టేబుళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. మీ పక్కవాడి చెయ్యి గొడ్డలి పిడి మీద బిగుసుకుంది. ఈ కానిస్టేబుళ్లలో ఒకడు వాడి కోడిని ఎత్తుకుపోయినవాడో, వాడి అన్నను కొట్టినవాడో అయి ఉండాలి. కానీ వాళ్ల మీద చెయ్యి పడకూడదని రాజు ఆజ్ఞ. నల్లవాడి మీద తుపాకి ఎత్తకూడదు. గొడ్డలి దిగింది.

రికార్డులు చింపుతున్నారు. చదవడం రాని మీకు ఆ కాగితాల్లో ఏముందో తెలియదు గానీ, మీ పేరు, మీ ఊరి పేరు, మీ చేను పేరు అందులో ఎక్కడో ఉన్నాయని మాత్రం తెలుసు. ఒక్కో కట్ట విప్పి చింపుతుంటే గంటం దొర నిలబడి చూస్తున్నాడు. కాగితంతో పదవి పోగొట్టుకున్న మనిషి. ఆ చూపులో ఏముందో ఊహించుకోవడం మీ వంతు.

తుపాకులు బయటికి వస్తున్నాయి. పదకొండు. కత్తులు అయిదు. గుళ్లు 1,390. ఇవన్నీ తీసుకున్నామని స్టేషను పుస్తకంలోనే రాసి కింద రాజు సంతకం పెడతాడు. దోచుకున్నవాడు రసీదు ఇచ్చి పోవడం కానిస్టేబుళ్లు ఎన్నడూ చూసి ఉండరు. వాళ్ల ముఖాల్లో భయం కంటే తికమకే ఎక్కువ కనిపిస్తోంది.

మర్నాడు కొండ దిగి కృష్ణదేవిపేట. ఆ మర్నాడు, 24న, రాజవొమ్మంగి. అక్కడ కొంచెం ఎదురుకాల్పులు జరిగాయి, అయినా నిలవలేదు. లోపల బందీగా ఉన్న వీరయ్య దొర అనే కొండ నాయకుణ్ణి విడిపించి తెచ్చారు. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు, 2,500 పైచిలుకు గుళ్లు. పోలీసు తుపాకి భుజాన వేసుకుని ఊరి మీదుగా పోతుంటే ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఆ బరువు భుజానికి కొత్త. గుండు ఎక్కించడం, కుందా భుజానికి ఆనించడం రాత్రిళ్లు ఒకరినొకరు చూసి నేర్చుకుంటున్నారు.

సర్కారు ఊరుకుంటుందా? పోయిన తుపాకుల కోసం స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు పోలీసు దళంతో అడవిలోకి దిగారు. ఏ బాటన వస్తారో, ఎక్కడ నీళ్లు తాగుతారో, ఎక్కడ వరసలో ఒక్కొక్కరుగా నడవక తప్పదో ఈ కొండల్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. రాజు పేరు గొప్పదే, కానీ దామనపల్లి దగ్గర ఘాటీ ఎంత ఇరుకో చెప్పడానికి గాం సోదరులలాంటి కొండబిడ్డలు కావాలి.

సెప్టెంబరు 24. దేవీ నవరాత్రులు మొదలై రెండు మూడు రోజులే అయింది. మీరు ఘాటీ పై వాలులో పొదల వెనక బోర్లా పడుకుని ఉన్నారు. పొట్ట కింద తడి ఆకులు. జలగ ఒకటి మోచేతి దగ్గర పట్టింది, దాన్ని పీకడానికి కూడా కదలకూడదు. అన్న ఏ వైపున్నాడో తమ్ముడు ఏ వైపున్నాడో ఆకుల్లో తెలియదు. ముందు పిట్టల అరుపు ఆగింది. తర్వాత బూట్ల చప్పుడు. కిందుగా తలపాగాలు కనిపించాయి. మన పోలీసులు, ముందు దళం. ఒకడు, ఇద్దరు, పది మంది. మీ తుపాకి ముక్కు కిందనే నడుచుకుంటూ పోతున్నారు. ఒకడు ఆగి నుదురు తుడుచుకున్నాడు. మీ వేలు గుర్రం మీద ఉంది. ఎవరూ కాల్చరు. వాళ్లను పోనిచ్చారు.

ఆ తర్వాత తెల్ల ముఖాలు.

కాల్పుల మోత కొండకీ కొండకీ కొట్టుకుని రెట్టింపయింది. పొగ చెదిరేసరికి కవర్డ్, హైటర్ ఇద్దరూ నేల మీద ఉన్నారు. దళం చెల్లాచెదురై అడవిలో పడింది. శవాలను తీసుకుపోవడానికి సర్కారే ఊరివాళ్లను మధ్యవర్తులుగా పంపి అడిగించుకోవలసి వచ్చింది. ఆ ఇద్దరి సమాధులూ నర్సీపట్నంలో ఉన్నాయి.

ఈ యుద్ధంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ముందు దళాన్ని పోనిచ్చిన ఆ రెండు మూడు నిమిషాలే. కింద నడుస్తున్న కానిస్టేబులు కూలి కోసం పనిచేస్తున్న బీదవాడే. పైన పడుకున్నవాడి పగ మాత్రం ముందుగా వాడి మీదే, ఎందుకంటే రోజూ కనిపించే సర్కారు వాడే. అలాంటి పగను వేలి కొసన ఆపి ఉంచడం రాజు మాటకున్న బలం. ఆ మాటను మన్నించి వందల మందిని ఆపి ఉంచింది మాత్రం వాళ్లతో పుట్టి పెరిగిన గంటం దొరలు, మల్లు దొరలు, ఎర్రేసులు.

అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం. దీపావళి పూట. ఈసారి స్టేషన్లలో తుపాకులు లేవు, ముందే తరలించేశారు. రాజు ముందుగా కబురు పంపి మరీ వస్తాడని చెప్పుకోవడం, ఉత్తరానికి మిరపకాయ కట్టి పంపే మిరపకాయ టపా కథలు, అన్నీ కొండ దిగి మైదానం ఊళ్లలోకి పాకిపోయాయి.

పైచేయి అక్కడితో ఆగింది. 1921 మలబారు తిరుగుబాటును అణచడానికి పుట్టించిన మలబారు స్పెషల్ పోలీసును మద్రాసు ప్రభుత్వం మన్యానికి పంపింది. డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలలో మీరు ఆ తుపాకుల చప్పుడు మొదటిసారి విన్నారు. స్టేషను తుపాకి పేలి మళ్లీ గుండు ఎక్కించేలోపు అటు నుంచి ఎడతెరిపి లేకుండా గుళ్లు. అడవిలో చెట్టు చెట్టుకూ దాక్కునే మీకు చదును చేను ఎంత ప్రమాదమో అప్పుడే తెలిసింది. పక్కవాడు వరి దుబ్బుల మీద ముందుకు పడి మళ్లీ లేవలేదు. ఆ రాత్రి మళ్లీ వెంటపడ్డారు. పున్నమి వెళ్లి రెండు రోజులే, వెన్నెల విరగకాస్తోంది, దాక్కోవడానికి చీకటి లేదు. ఇన్నాళ్లూ అవతలివాళ్లే శవాలు మోసుకున్నారు. ఇప్పుడు మీ వంతు వచ్చింది.

ఆ తర్వాత ఏడాది యుద్ధం కంటే ఆకలి ఎక్కువ. పితూరీదారులకు గింజ పెట్టారని తెలిస్తే ఊరికి ఊరు శిక్ష అనుభవించాలి. రాజు తలకు ఒక వెల, గంటం దొర, మల్లు దొర తలలకు వేరే వెలలు కట్టారు. మీరు అర్ధరాత్రి గుడిసె తలుపు తడితే లోపలివాళ్లు కాసేపు మాట్లాడరు. వాళ్లకు మీ మీద ప్రేమ లేక కాదు. తెల్లవారితే తమ పొయ్యిలో ఎంత బూడిద ఉందో చూడటానికి కూడా ఎవరో వస్తారు. చివరికి తలుపు సందులోంచి దుంపలు చేతికందిస్తారు, వెంటనే మూసేస్తారు. అడవిలో వారాల తరబడి తడిసి, ఎండి, మళ్లీ తడిసి, ఒళ్లు కాలిపోయే మన్యం జ్వరం. బూట్లవాళ్లకీ అదే జ్వరం, కానీ వాళ్లకు క్వినైను ఉంది, మార్చుకోవడానికి కొత్త దళం ఉంది.

1923 సెప్టెంబరు 17. వినాయక చవితి వెళ్లి రెండు మూడు రోజులైంది. నడింపాలెంలో మల్లు దొర పట్టుబడ్డాడు. ఒక ఆడమనిషి ఇంట్లో ఉండగా పట్టుకున్నారని, తాగుడూ ఆడపొందూ అతని కొంప ముంచాయని చెబుతారు. కావచ్చు. రాజు తాగవద్దన్న దళంలో మల్లు దొర తాగేవాడన్నది ఆయన అభిమానులు కూడా కాదనని మాటే. అయితే మనిషి ఏడాదికి పైగా అడవిలో, తలకు వెలతో, తడి నేల మీద పడుకుని బతికాక, ఒక రాత్రి పొడి చాప మీద, ఒక మనిషి పక్కన పడుకోవాలనుకోవడాన్ని చరిత్ర పుస్తకాలు అంత కఠినంగా రాయనక్కర్లేదు. రాజును దేవుణ్ణి చేశాం గనక, పక్కనున్నవాళ్లలో ఎవరో ఒకరు బలహీనుడు కావలసి వచ్చింది.

ఆ రోజు నుంచి అన్నదమ్ముల దారులు విడిపోయాయి. కబురు అడవిలో గంటం దొరకు చేరింది. మీరు అక్కడే ఉన్నారు. లొంగిపోతే తమ్ముడికి శిక్ష తగ్గుతుందేమోనని అనుకోవడానికి వీలుంది. ఆయన లొంగలేదు.

1924 జనవరికి అస్సాం రైఫిల్సు దిగారు. వీళ్లు మైదానం పోలీసులు కారు, కొండ నడకా అడవి పోరూ తెలిసిన సైనికులు. ఏప్రిల్లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా వచ్చాడు. ఇక వాగు వాగుకూ కాపలా, ఊరూరికీ దళం. మే 7న మంప దగ్గర రాజు చిక్కాడు. కొయ్యూరుకు తెచ్చి, మేజర్ గుడాల్ ఎదుట, విచారణ లేకుండా కాల్చేశారు. పారిపోబోయాడని సర్కారు రాసుకుంది. చెట్టుకు కట్టి కాల్చారని ఊళ్లు చెప్పుకున్నాయి. కృష్ణదేవిపేటలో సమాధి చేశారు.

రాజుతోనే పితూరీ అయిపోయిందని పాఠ్యపుస్తకాలు ఆగిపోతాయి. మీరు ఆగలేరు, ఎందుకంటే మీరింకా అడవిలో గంటం దొరతో ఉన్నారు. దళం పదుల్లోకి, తర్వాత ఇంకా తక్కువకు వచ్చింది. ముందు నడిచే ఆ జుట్టు మనిషి లేడు. ఆయన చదివే మంత్రమూ లేదు, చెప్పే జాతకమూ లేదు, దేవుడు చూసుకుంటాడన్న ధీమా లేదు. మిగిలింది ఆకలి, నాలుగు తుపాకులు, ఒక మాజీ మునసబు. అయినా ఆయన మైదానం వైపు దిగలేదు, పొరుగు రాజ్యాలకు పారిపోలేదు, తను పుట్టిన కొండల చుట్టే తిరిగాడు. జూన్‌లో, తొలకరి పడే వేళకు, గంటం దొర కూడా పోలీసు కాల్పుల్లో పోయాడు. రాజు తర్వాత ఇంచుమించు నెల రోజులు ఈ యుద్ధం ఒక్క గంటం దొర పేరు మీద నడిచింది. ఆ నెల గురించి ఎవరూ సినిమా తీయలేదు.

తమ్ముడికి ముందు ఉరిశిక్ష పడింది. తర్వాత దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చారు. అండమాను. కొండల్లో పుట్టి సముద్రం ఎన్నడూ ఎరగని మనిషి ఓడ అడుగున గొలుసులతో పోయాడు. దళంలోని మరో ముఖ్యుడు, అగ్గిరాజుగా పేరుపడ్డ వేగిరాజు సత్యనారాయణరాజు, అండమానుకు వెళ్లి తిరిగి రాలేదు. మల్లు దొర ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి తిరిగొచ్చాడు. అన్న లేడు, రాజు లేడు. తాగుడుతో చెడిపోయాడని పేరుపడ్డవాడే బతికి సాక్షిగా మిగిలాడు.

ఇప్పుడు మీకు ముసలితనం వచ్చింది. 1952 మొదట్లో దేశమంతటా తొలి సాధారణ ఎన్నికలు. ఊళ్లో బడి ముందు వరుసలో నిలబడ్డారు. మీరు ఒకప్పుడు గునపం పట్టి చెక్కిన రోడ్డు మీదుగానే పెట్టెలు వచ్చాయి. ఎడమచేతి చూపుడు వేలికి సిరా పూశారు. విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఇద్దరిని పంపాలి, అందులో ఒక స్థానం గిరిజనులకు. అందుకని ఓటరుకు రెండు చీటీలు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద బొమ్మ. చదువు రాకపోయినా బొమ్మ చూసి వేయొచ్చు. చింతపల్లిలో మీరు చింపిన కాగితాల్లో మీ పేరు ఎవరో రాసిందే గానీ, మిమ్మల్ని అడిగి రాసింది కాదు. ఇవాళ కాగితం మీ చేతిలో ఉంది.

గాం మల్లు దొర ఏ పార్టీ తరఫునా కాదు, స్వతంత్రుడిగా నిలబడ్డాడు. గెలిచాడు. రెండో స్థానంలోనూ స్వతంత్రుడే గెలిచాడు, డాక్టర్ లంకా సుందరం, విదేశాల్లో డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. ఒకే నియోజకవర్గం నుంచి ఒకరు లండన్ చదువు మీదుగా, మరొకరు అండమాన్ జైలు మీదుగా మొదటి లోక్‌సభకు వెళ్లారు. సభ్యుల పట్టికలో పక్కపక్కనే రాశారు, ఎదురుగా పార్టీ గడిలో ఇద్దరికీ ఒకటే మాట, స్వతంత్ర.